పెంపుడు జంతువుల నొప్పికి ఆక్యుపంక్చర్: ఎలా మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

మీ కుక్క మెట్ల దగ్గర ఆగిపోయి మీ వంక చూస్తోంది. లేదా మీ పిల్లి కిటికీ గట్టు ఎక్కడం మానేసి కిందే పడుకుంటోంది. డాక్టరుకు చూపించారు, మందులు వాడుతున్నారు, కొంత తగ్గింది కానీ పూర్తిగా కాదు. సరిగ్గా ఇలాంటప్పుడే ఎవరో ఒకరు ‘ఆక్యుపంక్చర్ చేయించి చూడండి’ అంటారు. చేయించి చూడొచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఈ వ్యవహారంలో సూదులు గుచ్చించడమే తేలికైన పని. గుచ్చించే ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి, గుచ్చించాక అది పనిచేసిందో లేదో తేల్చుకోవాలి. ఎక్కువమంది తడబడేది ఈ రెండింటి దగ్గరే.

ముందు నొప్పికి కారణం తెలియాలి

ఆక్యుపంక్చర్ అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే మీరు ఎప్పుడూ వెళ్ళే వెటర్నరీ డాక్టరు దగ్గర పరీక్షలు పూర్తి కావాలి. నడిపించి చూడటం, కీలు కీలు తడిమి చూడటం, అవసరమైతే ఎక్స్‌రే, రక్తపరీక్ష. కుంటే ప్రతి కుక్కకూ కీళ్ళ అరుగుదలే ఉండదు. మోకాలి లిగమెంట్ తెగి ఉండొచ్చు, గోరు విరిగి ఉండొచ్చు, ఎముకలో కణితి కూడా కావచ్చు. సూదులతో నొప్పి కాస్త సర్దుకుని, అసలు జబ్బు లోపల ముదిరిపోతే మీరు పెట్టిన శ్రమంతా ఎదురు తిరుగుతుంది.

కొన్ని పరిస్థితుల్లో ఆక్యుపంక్చర్ మాటే ఎత్తకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్క వెనక కాళ్ళు ఉన్నట్టుండి పడిపోతే ఆగకండి. డాషండ్ లాంటి పొడుగు నడుము జాతుల్లో వెన్నెముక డిస్క్ జారి వెన్నుపామును నొక్కితే గంటల్లో పరిస్థితి మారిపోతుంది. కాలి వేలు గట్టిగా నొక్కినా దానికి తెలియడం లేదంటే అది సర్జన్ చూడాల్సిన అత్యవసరం. పిల్లి వెనక కాళ్ళు హఠాత్తుగా చచ్చుబడి, ముట్టుకుంటే చల్లగా తగులుతుంటే రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. మగపిల్లి ఒంటికి కూర్చుని కూర్చుని చుక్క కూడా పోయలేకపోతున్నా అంతే, ఆ పూటే వెళ్ళాలి.

ఇలాంటివేమీ కాదు, పాత కీళ్ళ నొప్పి, నడుం నొప్పి, కండరాలు పట్టేయడం, డిస్క్ సమస్య తర్వాత మెల్లగా కోలుకోవడం, ఆపరేషన్ తర్వాత మిగిలిన నొప్పి అని తేలితే ఆక్యుపంక్చర్ గురించి ఆలోచించండి. పిల్లి యజమానులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 శాతం పిల్లులకు కీళ్ళ అరుగుదల కనిపించింది. కుక్కలా పిల్లి కుంటి చూపించదు. దూకడం తగ్గిస్తుంది, ఒళ్ళు నాక్కోవడం తగ్గిస్తుంది, లిట్టర్ బాక్స్ అంచు ఎత్తుగా ఉంటే దాటలేక పక్కనే కానిచ్చేస్తుంది. మనమేమో వయసైపోయింది, బద్ధకం వచ్చింది అనుకుంటాం.

ఎంత ఆశ పెట్టుకోవచ్చు

సూది చర్మం దాటి కండరంలోకి వెళ్ళినప్పుడు అక్కడి నరాల కొసలు ఉత్తేజితమై వెన్నుపాముకు, మెదడుకు సంకేతాలు పంపుతాయి. దాంతో శరీరం తన సొంత నొప్పి నివారణ రసాయనాలైన ఎండార్ఫిన్లు, ఎన్‌కెఫాలిన్లు వదులుతుంది. ఎండార్ఫిన్ల లాంటి ఓపియాయిడ్ రసాయనాలు పనిచేయకుండా అడ్డుకునే నలోక్సోన్ మందు ముందుగా ఇస్తే ఈ నొప్పి తగ్గుదల పోతుందని 1970లలోనే ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తెలిసింది. సూది గుచ్చిన చోట అడెనోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పిని తగ్గిస్తుందని 2010లో మళ్ళీ ఎలుకల్లోనే చూపించారు. చైనా సంప్రదాయం దీన్నే ‘చీ’ అనే శక్తి ప్రవాహంగా చెబుతుంది. ఆ వివరణ మీకు నచ్చినా నచ్చకపోయినా మీ కుక్కకు పట్టింపు లేదు.

ఇక ఫలితాల విషయానికొస్తే ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. జంతువుల ఆక్యుపంక్చర్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టిన 2006 నాటి సమీక్ష ఒకటి, ఏ జబ్బుకైనా దీన్ని సిఫారసు చేయడానికీ, వద్దనడానికీ సరిపడా గట్టి ఆధారాలు లేవని తేల్చింది. ఆ తర్వాత కుక్కల డిస్క్ సమస్యల్లో ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ (సూదులకు సన్నని కరెంటు పెట్టే పద్ధతి) మీద ఆశాజనకమైన అధ్యయనాలు వచ్చాయి, కానీ అవి చిన్నవి. కీళ్ళ అరుగుదల మీద వచ్చినవి కొన్ని అటు, కొన్ని ఇటు. నన్నడిగితే, మందులతో పాటు వాడుకోదగ్గ తోడు చికిత్సగా చూడండి. మందులు మానేసి దీన్నే నమ్ముకునేంత బలం దీనికి లేదు. కిడ్నీనో కాలేయమో దెబ్బతిని నొప్పి మందులు ఎక్కువగా ఇవ్వలేని ముసలి ప్రాణుల విషయంలో మాత్రం దీని విలువ పెరుగుతుంది.

సూదికి ముందు నోట్‌బుక్

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

కీళ్ళ నొప్పి ఉన్న కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చి, యజమానులను ఎలా ఉందని అడిగిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. కాళ్ళ మీద పడే బరువును కొలిచే యంత్రం ఏ మార్పూ లేదని చెబుతున్నా, సుమారు 40 శాతం సందర్భాల్లో యజమానులు ‘బాగుంది’ అన్నారు. ఆ కుక్కలను చూసిన వెటర్నరీ డాక్టర్లు కూడా దాదాపు అంతే తేలిగ్గా పొరబడ్డారు. మనం ప్రేమించే ప్రాణి బాగుపడాలని కోరుకుంటాం, కాబట్టి బాగుపడినట్టే కనిపిస్తుంది. పైగా కీళ్ళ నొప్పి తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ఎక్కువైన రోజుల్లోనే మనం కొత్త వైద్యం కోసం పరుగెడతాం. తర్వాత అది మామూలుగా తగ్గినా ఆ పేరు వైద్యానికే పోతుంది.

అందుకే మొదటి సెషన్‌కు కనీసం ఒక వారం ముందు నుంచే రాయడం మొదలుపెట్టండి. మీ జంతువు రోజూ చేసే, నొప్పి వల్ల కష్టపడే మూడు నాలుగు పనులు ఎంచుకోండి. ‘హుషారుగా ఉందా’ లాంటి ప్రశ్న పనికిరాదు, అది మీ మూడ్‌ను బట్టి మారిపోతుంది. ఒక ముసలి లాబ్రడార్‌కైతే ఇలా రాసుకోవచ్చు: పొద్దున పడక మీంచి లేవడానికి ఎన్ని సెకన్లు, లేచాక మొదటి పది అడుగుల్లో కుంటిందా, సోఫా ఎక్కిందా లేక ముందుకాళ్ళు పెట్టి ఆగిపోయిందా, నడకలో ఎక్కడి దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. పిల్లికైతే ఎంత ఎత్తుకు దూకింది, ఒక్క దూకులోనా మధ్యలో కుర్చీ మీద ఆగిందా, నడుము కింది భాగం నాక్కుందా లేక అక్కడ బొచ్చు ఉండలు కడుతోందా.

వారానికోసారి ఒకే చోట, ఒకే వేళకు, ఫోన్ నేల మీద పెట్టి పక్కనుంచి నడక వీడియో తీయండి. మందుల మోతాదు మారితే ఆ తేదీ రాయండి. లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు. ఇంట్లో మరొకరు ఉంటే సెషన్ ఏ రోజు జరిగిందో వాళ్ళకు చెప్పకుండా మార్కులు వేయించండి. కాస్త దొంగాటలా అనిపిస్తుంది కానీ మీ కళ్ళ కంటే ఆ మార్కులే నమ్మదగ్గవి.

తయారుగా ఉన్న కొలతలూ ఉన్నాయి. కుక్కల కోసం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందించిన కెనైన్ బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళిని యజమానులే నింపొచ్చు. పిల్లుల కోసం మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఫెలైన్ గ్రిమేస్ స్కేల్ తెచ్చారు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల ఈ ఐదింటికీ 0 నుంచి 2 వరకు మార్కులు వేయాలి. మొత్తం 10కి 4 వస్తే నొప్పికి మందు అవసరమని లెక్క. ఇది ముఖ్యంగా అప్పటికప్పుడు వచ్చిన నొప్పికి. పాత కీళ్ళ నొప్పికి పైన చెప్పిన, ఎంత ఎత్తుకు దూకిందనే లెక్కే మేలు.

డాక్టరును ఎంచుకోవడం

వెటర్నరీ పట్టా ఉండి, దాని మీద ఆక్యుపంక్చర్‌లో విడిగా శిక్షణ పొందినవాళ్ళే కావాలి. మనుషులకు సూదులు వేసేవాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా కుక్క ఊపిరితిత్తులు ఎక్కడ దాకా ఉంటాయో, పిల్లికి నొప్పి పుడితే మొహం ఎలా మారుతుందో చదువుకుని ఉండరు. ఇంటర్నేషనల్ వెటర్నరీ ఆక్యుపంక్చర్ సొసైటీ 1974 నుంచి పశువైద్యులకు ఈ శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తోంది. ఎక్కడ నేర్చుకున్నారని అడగడానికి మొహమాటపడకండి.

ఫోన్‌లోనే మూడు సంగతులు కనుక్కోండి. మీ జంతువుకున్న సమస్యనే ఇంతకుముందు చూశారా? ఎన్ని సెషన్లలో మార్పు కనిపించాలంటారు, కనిపించకపోతే ఏం చేస్తారు? మీ పాత డాక్టరుతో మాట్లాడతారా? రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మనిషి ఎలాంటివాళ్ళో సగం తెలిసిపోతుంది. ‘ఎన్నైనా పట్టొచ్చు, నమ్మకం ఉంచండి’ అన్నవాళ్ళనూ, చూడకుండానే ‘మందులన్నీ ఆపేయండి’ అన్నవాళ్ళనూ, క్యాన్సర్ కూడా నయం చేస్తామన్నవాళ్ళనూ వదిలేయండి.

పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్ళండి. కడుపుతో ఉందా, మూర్ఛలు వస్తాయా, రక్తం గడ్డకట్టే సమస్య ఉందా, ఎక్కడైనా కణితి ఉందా, పేస్‌మేకర్ ఉందా, ఇవి వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పాలి. కణితి మీద, పుండు మీద, చీము పట్టిన చర్మం మీద సూది వేయరు. గర్భంతో ఉంటే సూదులు వేసే చోట్లలో (బిందువులు) కొన్నిటిని వదిలేస్తారు. పేస్‌మేకర్ ఉంటే కరెంటు పెట్టే పద్ధతి వద్దు.

సెషన్ రోజు

కడుపు మాడ్చి తీసుకెళ్ళకండి, నిండా పెట్టి కూడా తీసుకెళ్ళకండి. రెండు గంటల ముందు కొద్దిగా పెట్టి, బయట తిప్పి ఒకటికీ రెంటికీ వెళ్ళనిచ్చి బయల్దేరండి. ఆ రోజు పరుగులు, బంతాటలు వద్దు. దాని వాసన ఉన్న దుప్పటి, నెమ్మదిగా నాకుతూ తినే చిరుతిండి తీసుకెళ్ళండి. పిల్లయితే బోనులో, పైన తువ్వాలు కప్పి తీసుకెళ్ళండి. పైకప్పు తీయడానికి వీలయ్యే బోనైతే దాన్ని బయటికి లాగకుండా కింది సగంలో కూర్చోబెట్టే సూదులు వేయొచ్చు.

మొదటిసారి సూదులకన్నా పరీక్షే ఎక్కువసేపు పడుతుంది. డాక్టరు వెన్నెముకకు రెండు పక్కలా వేళ్ళతో నొక్కుకుంటూ వస్తారు. ఒక చోట చర్మం జలదరించినట్టు కదులుతుంది, లేదా కుక్క తల తిప్పి ఆ చేతి వంక చూస్తుంది. అక్కడ నొప్పి ఉందన్నమాట. తర్వాత సూదులు. ఇవి ఇంజెక్షన్ సూదుల్లా ఉండవు. మందం చాలావాటికి 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్లు, మధ్యలో బోలు ఉండదు. మీ కళ్ళ ముందే కొత్త ప్యాకెట్ చించి తీయాలి, ఒకసారి వాడినవి పారేయాలి.

నడుము, తుంటి నొప్పికి సాధారణంగా వెన్ను పక్కన, తుంటి చుట్టూ, మోకాలి కింద వేస్తారు. చాలామంది డాక్టర్లు తొలి సూదిని నడుము, త్రికం (తోకకు పైనుండే వెన్ను ఎముక) కలిసే చోట గానీ నడినెత్తిన గానీ వేస్తారు, అది జంతువును శాంతపరుస్తుందని వాళ్ళ అనుభవం. మొదటి రెండు మూడు సూదులకు కుక్క మూతి నాక్కుంటుంది, కొంచెం బిగుసుకుంటుంది. ఐదు నిమిషాలయ్యేసరికి చాలావాటికి రెప్పలు బరువెక్కుతాయి, గడ్డం దుప్పటి మీద ఆనిస్తాయి, కొన్ని గురక కూడా పెడతాయి. సూదులు 10 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. ఆ సమయంలో మీరు తల దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడండి. ఫోన్ మోగితే అది ఉలిక్కిపడి లేచి ఒళ్ళు దులుపుకుంటుంది, సూదులన్నీ గదంతా ఎగురుతాయి. సైలెంట్‌లో పెట్టేయండి.

మామూలు సూదులు చాలకపోతే వాటికి క్లిప్పులు తగిలించి సన్నని కరెంటు పంపుతారు. అదే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. 2 హెర్ట్జ్ లాంటి తక్కువ వేగంలో ఎండార్ఫిన్, ఎన్‌కెఫాలిన్లు, 100 హెర్ట్జ్ లాంటి ఎక్కువ వేగంలో అలాంటిదే అయిన డైనార్ఫిన్ విడుదలవుతాయి. కుదురుగా కూర్చోలేని వాటికి బిందువుల్లో బి12 విటమిన్ లేదా సెలైన్ ఇంజెక్ట్ చేసి పంపేస్తారు. సూదంటేనే చెలరేగిపోయే పిల్లులకు సూదికి బదులు లేజర్ కాంతి వాడేవాళ్ళున్నారు.

ఇంటికి బయల్దేరే ముందు ఒక పని మరచిపోకండి: ఎన్ని సూదులు వేశారో, ఎన్ని తీశారో లెక్క సరిపోవాలి. బొచ్చు కుక్కల్లో ఒకటి లోపలే దాగి, ఇంటికెళ్ళాక నాక్కుంటూ మింగేసే ప్రమాదం ఉంది. మింగిందని అనుమానమొస్తే వాంతి చేయించడానికి ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి.

ఆ రాత్రి, మర్నాడు

చాలా జంతువులు ఆ రోజు ఒళ్ళెరగకుండా నిద్రపోతాయి. కొన్నిటికి ఒకటి రెండు రోజులు నొప్పి కొంచెం ఎక్కువైనట్టు ఉండి తర్వాత తగ్గుతుంది. సూది తీసిన చోట రక్తపు చుక్క కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఊపిరి వేగంగా, కష్టంగా తీసుకుంటుంటే మాత్రం క్షణం ఆగకండి. ఛాతీ మీద లోతుగా దిగిన సూది ఊపిరితిత్తికి తగలడం చాలా అరుదు, కానీ జరగదని కాదు. మరో ప్రమాదం సంతోషం రూపంలో వస్తుంది. నొప్పి తగ్గగానే కుక్క మునుపటిలా పరుగెడుతుంది, మనం మురిసిపోయి బంతి విసురుతాం, మర్నాడు మళ్ళీ కుంటుతుంది. రెండు రోజులు లీష్ మీద చిన్న నడకలే.

మందులు మీ అంతట మీరు తగ్గించకండి. మెలోక్సికామ్, కార్ప్రోఫెన్ లాంటి నొప్పి మందుల విషయంలో డాక్టరు చెప్పినట్టే నడవాలి. ఇంట్లో మనుషుల మాత్ర ఉంది కదాని ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రోఫెన్ కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

సెషన్ల మధ్య ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. జారే నేల మీద చాపో తివాచీయో పరవండి. సోఫాకు, మంచానికి ఏటవాలు పలక పెట్టండి, లిట్టర్ బాక్స్‌కు ఒక పక్క అంచు తగ్గించండి. బరువు ఎక్కువుంటే తగ్గించండి. ఊబకాయపు కుక్కల మీద చేసిన పరిశోధనలో ఒంటి బరువులో 6 శాతం పైచిలుకు తగ్గేసరికే కుంటడం స్పష్టంగా తగ్గింది. ఏ సూదీ అంత నికరంగా పనిచేయదేమో. డాక్టరు చూపిస్తే మోకాలి కింద, వెన్ను పక్కన వేలితో మెత్తగా నొక్కే ఆక్యుప్రెషర్ చేయొచ్చు. సూదులు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు, వీడియో ఎంత వివరంగా ఉన్నా సరే.

కొనసాగించాలా, ఆపాలా

సాధారణంగా మొదట వారానికి ఒకటి చొప్పున, నాలుగు నుంచి ఆరు సెషన్లు. బాగుంటే రెండు వారాలకొకటి, ఆపైన నెలకొకటి. తొలిరోజే క్యాలెండర్‌లో నాలుగో సెషన్ తర్వాతి రోజుకు గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నోట్‌బుక్ తీయండి, మొదటి వారం వీడియోను, తాజా వీడియోను పక్కపక్కన పెట్టి చూడండి. వీలైతే తేదీలు దాచి ఇంకొకరికి చూపించి ఏది మెరుగో అడగండి.

అంకెలు కదిలి ఉంటే కొనసాగించండి, అదే నోట్‌బుక్ మందులిచ్చే డాక్టరు ముందు పెట్టండి. మోతాదు తగ్గించే ఆలోచన అప్పుడు మొదలవుతుంది, అదీ వాళ్ళ చేతుల మీదుగా, ఒక్కో మందు, ఒక్కో మెట్టు. సెషన్ తర్వాత నాలుగు రోజులు బాగుండి ఐదో రోజుకు మళ్ళీ మొదటికొస్తుంటే ఆ సంగతి ఆక్యుపంక్చర్ డాక్టరుకు చెప్పండి. విరామం తగ్గించడమో, ఎలక్ట్రోకు మారడమో చూస్తారు.

ఆరు సెషన్లయినా అంకెలు కదల్లేదంటే ఆపేయండి. ఆ డబ్బుతో ఫిజియోథెరపీ, నీళ్ళలో నడిపించే వ్యాయామం చేయించవచ్చు. కుక్కలకు బెడిన్‌వెట్మాబ్, పిల్లులకు ఫ్రునెవెట్మాబ్ అనే, కీళ్ళ నొప్పికి ఇచ్చే నెలవారీ ఇంజెక్షన్లున్నాయి, వాటి లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. కారు ఎక్కించడం దగ్గర్నుంచే వణికిపోతూ, సూదుల గదిలో నోరు తెరిచి ఊపిరి తీసే పిల్లి అయితే ఆరు దాకా కూడా వద్దు, రెండో సెషన్‌కే మానేయండి.